మంచు మీద పెట్టిన రాయి

మధ్యాహ్నం ఒంటిగంటకు కాన్వాయ్ మమ్మల్ని వర్క్‌షాపు ముందు దించింది. నవంబరు నెల. పదమూడు వేల అడుగుల ఎత్తు అన్నారు. ఎండ ఉంది, వేడి లేదు. రేకుల షెడ్డు ఒకటి, వెనక మూడు బంకర్లు, పక్కన గడ్డకట్టిన వాగు. అంతే. నేను ఉదయగిరి వాణ్ణి. ఎండిన కొండలు చూస్తూ పెరిగాను. అయినా అంత బోడి నేల ఎప్పుడూ చూడలేదు.

దిగగానే పరుగెత్తొద్దని ఆర్డరు. ఊపిరి అలవాటయ్యేదాకా పని చెప్పలేదు. ఉన్ని మేజోళ్ళు, లావుపాటి కోటు, నల్ల కళ్ళద్దాలు, రెండు జతల చేతి తొడుగులు ఇచ్చారు. ఉత్త చేత్తో పానా పట్టుకుంటే చర్మం ఇనుముకు అంటుకుంటుందని చెప్పారు. నేను నమ్మలేదు. పట్టుకున్నాను. అరచేతిలో రూపాయి బిళ్ళంత తోలు ఊడింది. అప్పుడు నమ్మాను.

మాది తుపాకులు పేల్చే యూనిట్ కాదు. బండ్లు బాగుచేసేది. పైనున్న పోస్టులకు కిరోసిన్, గోధుమ పిండి, మందులు మోసే లారీలన్నీ మా షెడ్డు మీదుగానే పోవాలి. లారీ ఆగితే పైన పొయ్యి ఆరిపోతుంది. నా పని టైర్లు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఒంట్లో బలం చూసి పనిలోకి తీసుకున్నారు.

మా మెకానిక్కు మొదటి రోజే నా మాట విని పట్టేశాడు.

"ఏందన్నా, నువ్వు మన సైడేనా?"

"ఉదయగిరి."

"అబ్బో! దుర్గం కింద కోతులతో పెరిగినావన్న మాట."

"నీదే ఊర్రా?"

"చేజర్ల. అసలు మాది సోమశిల పక్క. డ్యాము కట్టినాక మా ఊరు నీళ్ళల్లో పోయింది. చేజర్లకొచ్చి పడినాం."

"అయితే నువ్వు చేపవి."

"చేపనే. అందుకే నన్ను తెచ్చి ఐసులో పెట్టినారు."

యూనిట్ అంతా అతన్ని చేజర్ల అనే పిలిచేది. ఉత్తరాది వాళ్ళకు ఆ మాట నోరు తిరిగేది కాదు. చెజరలా అనేవాళ్ళు. చెవి పెట్టి విని ఇంజను రోగం చెప్పగల మనిషి. డ్యూటీ అయ్యాక ఆత్మకూరులో బస్టాండు వెనక షెడ్డు పెడతానని, నాకు టైర్ల పని ఇస్తానని అనేవాడు. "జీతం ఉండదన్నా, అన్నం పెడతా" అని నవ్వేవాడు.

షెడ్డుకు పెద్ద ఒక హర్యానా హవల్దారు. పొద్దున్నే అందరినీ వరసలో నిలబెట్టి అడిగేవాడు. బండి కిందకు పోయేవాడి జేబులో ఏముండాలి? ఆ బండి తాళంచెవి. జాకీ మీద ఎంతసేపు నమ్మకం పెట్టుకోవచ్చు? ఒక్క నిమిషం కూడా వద్దు, స్టాండు వెయ్యాలి. చక్రాలకు అడ్డం ఏం పెట్టాలి? అందరం గొంతెత్తి అరిచేవాళ్ళం: "లకడీ! పత్థర్ నహీ!" చెక్కే పెట్టాలి, రాయి కాదు. చేజర్ల అందరికన్నా గట్టిగా అరిచేవాడు.

అందుకోసం మా దగ్గర ఏటవాలుగా కోసిన చెక్క దిమ్మెలు ఉండేవి. అడుగున మేకులు కొట్టి ఉండేవి, మంచును కరుచుకోడానికి. పని అయ్యాక వాటిని తుడిచి పెట్టకపోతే హవల్దారు తిట్టే తిట్లు ఇక్కడ రాయను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మన ఆత్మకూరులో షెడ్ల ముందుగా నడిచిపోతుంటే చూస్తున్నాను. ట్రాక్టరు ఒక్క జాకీ మీద ఉంటుంది. కింద మనిషి ఉంటాడు, కాళ్ళు రోడ్డు మీదకు ఉంటాయి. తాళం బండికే వేలాడుతుంటుంది. పక్కనే ఇంకొకడు బీడీ కాలుస్తూ పెట్రోలుతో సామాన్లు కడుగుతుంటాడు. నేను నిలబడి అరుస్తాను. "మిలిటరీ ఆయనొచ్చినాడురా, లెగండి" అని ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. లేస్తే చాలు.

జనవరిలో గాలి లేచి రోడ్డు మూసుకుపోయింది. వరసగా కొన్ని రోజులు కింది నుంచి లారీ రాలేదు. కిరోసిన్ అడుగంటింది. అప్పుడే పై పోస్టు నుంచి ఒక సిపాయిని దించారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. గదిని వెచ్చగా ఉంచకపోతే దక్కడన్నాడు నర్సింగు అతను. సాయంత్రం షెడ్డుకు వచ్చి, "మండేది ఏదైనా ఇవ్వండి సాబ్" అన్నాడు. హవల్దారు చుట్టూ చూశాడు. దిమ్మెలన్నీ తనే ఏరి అతని చేతుల్లో పెట్టాడు.

"ముందు మనిషి. చెక్కలు రేపు కోసుకుందాం."

ఆ సిపాయి బతికాడు. అది మర్చిపోకూడదు.

మర్నాడు గాలి తగ్గింది. రోడ్డు తెరిచారు. తొమ్మిది గంటలకు కిరోసిన్ లారీ వచ్చి మా ముందు ఆగింది. ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే పొడవాటి షాఫ్టు జాయింటు పగిలింది. షెడ్డులో వేరే బండి విప్పి ఉంది, స్టాండ్లు దాని కిందే ఉన్నాయి. ఈ లారీ బయటే నిలబడాల్సి వచ్చింది. అక్కడ నేల కొంచెం వాలు. మంచు గట్టిపడి గాజులా ఉంది.

పోస్టులకు పోయే రోడ్డు మీది పై గేటు నుంచి రేడియోలో అడిగారు.

"కిరోసిన్ ఎక్కడ?"

"వర్క్‌షాపు ముందు. షాఫ్టు పోయింది."

"పన్నెండుకు గేటు వేస్తాం. మళ్ళీ గాలి లేస్తుందట."

"రేపటిదాకా ఆగగలరా?"

"పై పోస్టులో ఒక్క డబ్బా ఉంది."

ఆ మాట చేజర్ల విన్నాడు. హవల్దారు అప్పటికి వడ్రంగిని పట్టుకుని పెట్టెల చెక్కలు కోయిస్తున్నాడు. దిమ్మెలు వచ్చేదాకా బండి ముట్టొద్దని చెప్పి, అధికారితో మాట్లాడటానికి బంకరులోకి పోయాడు. చేజర్ల వాగు గట్టు నుంచి రెండు నల్లరాళ్ళు మోసుకొచ్చి ముందు చక్రాల కింద తోశాడు.

"ఆగరా, వడ్రంగి కోస్తా ఉండాడు గదా" అన్నాను.

"ఎంతసేపన్నా?"

"ఓ గంట."

"గంట పోతే పని తెమిలేలోపల గేటు పడిపోతాది. సీతారామపురం ఘాట్‌లో మీవోళ్ళు చక్రం కింద ఏం పెడతారు? రాయే గదా. నిండు లోడును నిలబెడతాది."

"అది మట్టిరా నాయనా. ఇది ఐసు."

రాయిని బూటుతో తన్నాడు. కదల్లేదు. "చూడు, సిమెంటేసినట్టు ఉండాది. పైన మనుషులు బిగుసుకుపోతా ఉంటే నన్ను చెక్కల కోసం కూర్చోమంటావా?"

అతను అన్నది అబద్ధం కాదు. ఆ పూట చలికి రాయి మంచుకు అంటుకునే ఉంది. షాఫ్టు తిప్పి బోల్టులు అందుకోవాలంటే వెనక చక్రం ఒకటి లేపాలి. జాకీ వేసి లేపాడు. ఆ బండి హ్యాండ్‌బ్రేకు పట్టేది ఆ షాఫ్టునే; ఒక చక్రం గాల్లో ఉంటే అది ఉన్నా లేనట్టే. బండి మొత్తం ఆ రెండు రాళ్ళ మీదే నిలబడింది. తాళంచెవి జేబులో వేసుకుని కిందకు దూరాడు.

పదిన్నరకు కొండ మీదుగా ఎండ పడింది. అక్కడ ఎండకు గాలి వేడెక్కదు. నల్లటి వస్తువు మాత్రం వేడెక్కుతుంది. రాయి వేడెక్కింది. దాని అడుగున మంచు కరిగి, పల్చగా నీటి పొర పట్టింది. మన ఊరి రాయీ ఎండకు వేడెక్కుతుంది. కానీ మన దగ్గర మంచు లేదు.

నేను టైరు దొర్లించుకుంటూ వస్తున్నాను. ఏ చప్పుడూ రాలేదు. లారీ మూరెడు జరిగింది. జాకీ పడింది. ఇరుసు అతని రొమ్ము మీదకు దిగింది.

నా చేతిలో టైరును చట్రం కిందకు తోశాను. ఇంకా దిగకుండా ఆగింది. డ్రైవరు జాకీ లాగి మళ్ళీ పెట్టబోయాడు. కింద నుంచి చేజర్ల గొంతు వచ్చింది. చిన్నగా, కానీ స్పష్టంగా.

"అన్నా, ఎత్తొద్దను... ముందు చక్రానికి అడ్డం పెట్టమను."

అప్పుడే వడ్రంగి పరుగెత్తుకొచ్చాడు. అప్పుడే కోసిన రెండు దిమ్మెలు అతని చేతుల్లో ఉన్నాయి. అంటిన రంపపు పొట్టు కూడా రాలలేదు. అవి పెట్టాం. ఎత్తాం. బయటికి లాగాం. మొహం మీద ఒక్క గీత లేదు.

హెలికాప్టరు రాలేదు, పైన గాలి మొదలైంది. జీపులో పడుకోబెట్టి కిందికి పంపారు. నర్సింగు అతను పక్కన కూర్చున్నాడు. నేను హవల్దారు పక్కన రేడియో దగ్గర నిలబడ్డాను. చాలాసేపు బుసబుస తప్ప ఏమీ లేదు.

"మనిషి ఎలా ఉన్నాడు?" అని హవల్దారు అడిగాడు.

జీపు డ్రైవరు అన్నాడు: "సాబ్, ఇక మెల్లగా నడుపుతాను."

పై పోస్టు వాళ్ళు ఆ ఒక్క డబ్బాతో రాత్రి గడిపారు. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు అదే లారీ, అదే కిరోసిన్ పైకి పోయింది.

తెలుగు వాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి శవంతో నన్నే పంపారు. విమానంలో మద్రాసు, అక్కడి నుంచి నెల్లూరు మీదుగా చేజర్ల. నెల్లూరు దాటాక చొక్కా చెమటకు తడిసింది. ఊరి ముందు జనం జెండాలతో నిలబడి ఉన్నారు. ఒక పెద్దాయన నా భుజం పట్టుకుని అడిగాడు.

"ఎన్ని తూటాలు తగిలినాయి నాయనా?"

"తూటా కాదు పెద్దాయనా. బండి మీద పడింది."

ఆయన చెయ్యి తీసేశాడు. వెనక ఎవరో "లారీ కింద పడినాడంటనే" అన్నారు. జిందాబాద్‌లు కొంచెం తగ్గాయి. నాకు కోపం వచ్చింది. పైన ఇరవై మంది చలి కాచుకోవాలని బండి కిందకు పోయిన మనిషి అతను. చెప్పబోయాను. అప్పుడే శవపెట్టె పక్కన కూర్చున్న అతని భార్య తల ఎత్తింది.

"ఆయనకు చలి ఆగదన్నా. వానకే దుప్పటి కప్పుకుంటాడు. ఆ పొద్దు చలేసిందా?"

"లేదమ్మా. ఎండ కాస్తా ఉండాది."

నిజమే చెప్పాను. అంతకన్నా ఎక్కువ చెప్పలేదు, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ చలిలో మనిషి ఊపిరి తెల్లగా కనపడుతుంది. మేం జాకీ ఎత్తుతున్నంతసేపూ లారీ కింద నుంచి చేజర్ల ఊపిరి బయటికి వస్తూ ఉంది. ఎండలో, నేలకు జానెడు ఎత్తున, చిన్న చిన్న తెల్లటి ముద్దలు. ఒకటి వచ్చి విడిపోయేది, ఇంకొకటి వచ్చేది. ప్రతి ముద్దా ముందటి దానికంటే చిన్నది.