సుల్తానా జాకెట్టు

పొద్దున్నే కుట్టుమిషన్ మీద కూర్చునే ముందు షాహిదా ఒక అయస్కాంతాన్ని తాడుకు కట్టి గదంతా ఈడుస్తుంది. ముందురోజు రాలిన గుండుసూదులూ హుక్కులూ దానికి అంటుకుంటాయి. వాటిని డబ్బాలో రాల్చాకే సుల్తానాను లోపలికి రానిస్తుంది. సుల్తానా తెల్ల పిల్లి. ఒక చెవీ, తోక కొసా మాత్రం బూడిదరంగు.

నరసరావుపేటలో స్టేషన్ రోడ్డు వెనక సందులో, ఒక ఇంటి వెనక పోర్షన్‌లో షాహిదా జాకెట్లు కుడుతుంది. భర్త నాగూర్ వలి లారీ మెకానిక్; పిల్లలిద్దరూ హాస్టల్లో చదువుకుంటున్నారు. ముందు పోర్షన్‌లో ఇంటాయన శివరామయ్య ఉంటాడు. సుల్తానా ఈనినప్పుడల్లా ఆయన అటక మీది పాత పరుపుల్లోనే ఈనేది. పిల్లలు కళ్లు తెరిచేలోపే ఆయన వాటిని గోనెసంచిలో వేసుకుని చిలకలూరిపేట రోడ్డులో పత్తిమిల్లు దగ్గర వదిలేసి వచ్చేవాడు. తల్లి అరుచుకుంటూ అటకంతా వెతికేది. చివరిసారి ఆయన అటక తలుపుకు గడియ పెట్టి, ఇక తల్లిని కూడా అక్కడికే చేరుస్తానన్నాడు.

"దీనికి పిల్లలు పుట్టకపోతే నీకేం ఇబ్బంది లేదుగా బాబాయ్?" అంది షాహిదా.

"పుట్టకుండా ఎట్టుంటయ్యే?"

"ఆపరేషన్ చేయిస్తా."

శివరామయ్య రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. "పిల్లికి ఆపరేషనా! నా ఇంట్లో పిల్లి చస్తే ఆ పాపం నాకు చుట్టుకుంటది. బంగారు పిల్లిని చేయించి దానమియ్యాల, తెలుసా? కుట్టు కాస్త తేడా చేసిందంటే, బతికుండగానే దాన్ని మిల్లు కాడ వదిలేసొస్తా."

"తేడా చెయ్యదు," అంది షాహిదా. ఆ మాట ఎలా అనేసిందో ఆమెకే తెలియదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పశువుల డాక్టర్ భవ్య పిల్లి మెడకు ప్లాస్టిక్ గరాటా లాంటిది తొడిగి, ఒకటే మాట చెప్పింది. కుట్లు విప్పేదాకా దాని నోరు పొట్టకు అందకూడదు. అందితే నాకుతుంది, దారం లాగుతుంది, గాయం తెరుచుకుంటుంది.

ఇంటికొచ్చాక సుల్తానా ఆ గరాటాతో వెనక్కి వెనక్కి నడిచి మిషన్ కాళ్లకు గుద్దుకుంది. పాలు పోస్తే గిన్నె తలకిందులైంది. మర్నాటికి గరాటా ఒక మూల, పిల్లి ఇంకో మూల.

"పాపం, బకెట్‌లో తల ఇరుక్కున్నట్టుంది. అది లేకుండానే ఉండనీ," అన్నాడు నాగూర్ వలి. "పిల్లి అన్నాక నాకకుండా ఉంటదా?"

"జాకెట్టు కుడతా."

"ఎవరికి?"

"దీనికే."

వలి పగలబడి నవ్వాడు. "కొలతలు నువ్వే తీసుకో. నా చేతులు నాకు కావాల."

షాహిదా నవ్వలేదు. "రెండో కాన్పు తర్వాత నాకు ఆపరేషన్ అయినప్పుడు, కుట్లు ఆరకముందే రంజాన్ గిరాకీ అని మీ అమ్మ నన్ను మిషన్ ఎక్కించింది. తొక్కతా ఉంటే ఒక కుట్టు తెగింది. నువ్వు చూస్తా కూర్చున్నావ్. దీనికి మాత్రం తెగనియ్యను."

వలి లేచొచ్చి నేల మీద కూర్చున్నాడు. పిల్లి వెనక కాళ్లు ఆయనే పట్టుకున్నాడు. చేతులు గీరుకుపోయినా వదల్లేదు.

టేపును ఆటవస్తువు అనుకుని సుల్తానా కొరికింది. ఎలాగో కొలతలు దొరికాయి. పాత చుడీదార్ చెయ్యి కత్తిరించి, నాలుగు కాళ్లకు నాలుగు రంధ్రాలు పెట్టి, అంచులు మడిచి, చక్కగా హుక్కులు వేసింది. తొడిగితే ఒంటికి అతికినట్టు సరిపోయింది. షాహిదా మురిసిపోయి కస్టమర్ల పనిలో పడింది.

మర్నాడు పొద్దున ఆ జాకెట్టు నడుము దాకా విచ్చుకుని ఉంది. సుల్తానా తీరిగ్గా పొట్ట నాకుతోంది. కుట్ల పక్కన ఎర్రగా కమిలింది. షాహిదా జాకెట్టు తీసి చూస్తే హుక్కులు తగిలించే దారపు కాజాలన్నీ కొరికేసి ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆడవాళ్లకు ముందు హుక్కులే కుట్టిన చెయ్యి, ఆలోచించకుండా పిల్లికీ ముందే కుట్టేసింది. పిల్లికి ముందంటే పొట్ట. అంటే సరిగ్గా నోటికి అందే చోట.

ఆమె ఒక చేత్తో ఆ జాకెట్టు, ఇంకో చేత్తో కత్తెర పట్టుకుని కూర్చుని ఉండగానే శివరామయ్య గుమ్మంలోకి వచ్చాడు. కిటికీలోంచి అంతా చూసినట్టున్నాడు, చేతిలో గోనెసంచి.

"నే చెప్పలా? ఊడిందిగా!"

"ఊడింది కుట్టు కాదు, నా హుక్కు. తప్పు నాది, దానిది కాదు."

"ఎవరిదైతే నాకేంది? ఇటియ్యి దాన్ని."

షాహిదా లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెర చేతిలోనే ఉండిపోయింది. "సంచి కింద పెట్టు బాబాయ్. దీన్ని తీసకపోవాలంటే ముందు నా మిషన్ బయట పెట్టు. ఇద్దరం కలిసే పోతాం."

"మాటలు చానా నేర్చావే!"

కూతురి పెళ్లి జాకెట్ల కోసం వచ్చి అరుగు మీద కూర్చున్న ఎదురింటి ప్రేమమ్మ తల పైకెత్తింది. "ఏంది శివరామయ్యన్నా, పెళ్లి జాకెట్లు మేం మిల్లు కాడికొచ్చి తీసుకోవాల్నా? చర్చిలో పెళ్లికూతుర్ని గోనెసంచి కట్టుకోమంటావా?"

జాకెట్ల కోసం వచ్చిన మిగతా ఆడవాళ్లు నవ్వారు. శివరామయ్య సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "చస్తే మాత్రం నా కాడికి రాబాకండి," అని వెళ్లిపోయాడు.

షాహిదా సుల్తానాను అప్పటికప్పుడు భవ్య దగ్గరికి తీసుకెళ్లింది. కుట్లు గట్టిగానే ఉన్నాయి, పైచర్మమే కమిలిందని చెప్పి భవ్య మందు రాసింది. ఇంటికొచ్చాక షాహిదా పెళ్లి పని పక్కనపెట్టి, వలి పాత బనియన్ కత్తిరించింది. హుక్కులు ఈసారి వెన్ను మీద, లోపలికి మడిచి వేసింది. కొరకడానికి దొరికే దారం ఒక్కటీ బయట లేదు.

"బ్యాక్ హుక్కులా!" అంది ప్రేమమ్మ. "మా పెళ్లికూతురిక్కూడా ఇంత ఫ్యాషన్ లేదు గదే."

"దాని తర్వాతే మీ అమ్మాయిది పిన్నీ. అలిగితే అలుగు."

ప్రేమమ్మ అలగలేదు. కూర్చుని టీ తాగింది. సుల్తానా కాసేపు చెక్కబొమ్మలా బిగుసుకుపోయింది. తర్వాత పక్కకు పడింది, లేచింది, వీపు కొరకబోయి అందక షాహిదా వైపు కోపంగా చూసింది. మాసిన బనియన్ తీసి, అలాగే కుట్టిన ఇంకోటి తొడుగుతూ, భవ్య కుట్లు విప్పేదాకా షాహిదా దాన్ని మిషన్ పక్కనే పెట్టుకుంది. గాయం గీతలా, తిన్నగా మానింది.

సుల్తానా ఇక ఈనదని శివరామయ్య ఇప్పుడు అటక తలుపు తీసే ఉంచుతున్నాడు గానీ షాహిదాతో సరిగా మాట్లాడడు. ఆమె కూడా పలకరించదు. షాహిదా, నాగూర్ వలి, సుల్తానా ఆ వెనక పోర్షన్‌లోనే ఉంటున్నారు.