చలపతి గారి కోడి ఈకలు, మనవాళ్ల జడలు

నిన్న పొద్దున ఆఫీస్ పార్కింగ్‌లో ఉండగా చలపతి గారి భార్య సుభద్ర గారు ఫోన్ చేశారు.

"మీ డాక్టరు గారు వెళ్లిపోయారమ్మా" అన్నారు.

ఎక్కడికి అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

ఆవిడ ఏడవలేదు.

సాయంత్రానికి ఫేస్‌బుక్ నిండా చలపతి గారే. "మా అందరికీ తండ్రిలాంటివారు." "ఈ పరాయి దేశంలో మన బాతెల్ ఊరి తెలుగువాళ్లకి పెద్దదిక్కు." కింద దీపాలు, చేతులు జోడించిన బొమ్మలు.

చదువుతుంటే ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన బతికుండగా మీరు ఆయన్ని ఏమని పిలిచేవారో నేను విన్నాను. "కోడి ఈకల డాక్టర్."

తెలియనివాళ్లకి చెప్తాను. చలపతి గారు పాథాలజిస్ట్. రిటైరయ్యాక ఆయనకి ఒకటే పిచ్చి, ట్రౌట్ చేపల కోసం ఫ్లైలు కట్టడం. ఫ్లై అంటే చిన్న గాలపు హుక్‌కి ఈక, వెంట్రుక, దారం చుట్టి పురుగులా తయారు చేసేది. అది నీళ్లమీద తేలాలి. చేప దాన్ని నిజం పురుగని నమ్మాలి. పట్టిన చేపని ఆయన మళ్లీ నీళ్లలోనే వదిలేసేవారు.

"తినరు, అమ్మరు, మరెందుకండీ ఇదంతా?" అని పార్టీల్లో అడిగేవారు, పక్కవాళ్లకి కన్నుకొడుతూ.

"మీరు గోల్ఫ్ బంతిని వండుకుంటారా?" అనేవారు ఆయన.

నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కట్టడం సంగతి తర్వాత, ముందు ఏరడం నేర్పారు. పుంజు మెడ ఈకని వంచి, దాని పోగులు నిటారుగా నిలబడతాయా లేదా చూసేవారు. పెదవికి ఆనించుకునేవారు. గుచ్చుకుంటే మంచిది. మెత్తగా తగిలితే అవతల పడేసేవారు.

"ఇది సోమరిపోతు ఈక. నీళ్లు చూడగానే పడుకుంటుంది."

తళుకు దారాలు కనిపిస్తే, "పెళ్లికూతురికి చుట్టు. పురుగుకెందుకు?"

ఆయన నోటివెంట మెప్పు రావడం అరుదు. ఒక్కదాన్ని మాత్రం మెచ్చుకోగా విన్నాను. నలుపు తెలుపు చారలున్న పుంజు మెడతోలు, ఈకలతో సహా. ఎన్నో షాపులు తిరిగి ఏరుకున్నారు. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. నాసిరకం ఈక కాడ చుట్టేటప్పుడు మెలిపడిపోతుంది. ఈ ఈకల కాడలు సన్నగా, వణికే చేతికి కూడా లొంగేలా ఉండేవి.

"నా చేతులు పనిచేసినంత కాలం ఇది సరిపోతుందిలే" అన్నారు.

ఆ వేసవిలో ఆడపిల్లలు జుట్టులో కోడి ఈకలు పెట్టుకోవడం ఫ్యాషన్ అయింది. సెలూన్లవాళ్లు ఫ్లై షాపుల్ని ఊడ్చేశారు. చారల ఈక ఎక్కడా దొరకలేదు.

మన తెలుగు సంఘం కల్చరల్ ప్రోగ్రామ్‌కి ముందు ఒకావిడ చలపతి గారింటికి వెళ్లింది. పేరు రాయను. నిన్న అందరికంటే పొడుగు పోస్ట్ ఆవిడదే. డాక్టరు గారు చేతుల వణుకుకి ఫిజియోథెరపీకి వెళ్లి ఇంట్లో లేరు.

"డ్యాన్స్ పిల్లల జడల్లోకి కొంచెం ఫెదర్స్ తీసుకుంటాను ఆంటీ" అంది. సుభద్ర గారు సరేనని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లారు. ఈవిడ మెడతోలు మొత్తం బ్యాగ్‌లో వేసుకుపోయింది.

ప్రోగ్రామ్‌లో నేను ఆయన పక్కనే కూర్చున్నాను. తెర లేచింది. ప్రతి పిల్ల జడలోనూ చారల ఈకలే. వాటిమీద జిగురు, గ్లిట్టర్.

అయిపోయాక ఆవిడే వచ్చింది.

"అంకుల్, చూశారా, మీ ఫెదర్స్ ఎంత బాగా యూజ్ అయ్యాయో! డ్రాయర్‌లో ఊరికే పడున్నాయి కదా."

"మిగిలినవి?"

"సైజ్‌కి కట్ చేసేశాం అంకుల్. మీకు కొత్తవి ఆర్డర్ చేస్తాలెండి. కోడి ఈకలే కదా!"

ఆయన ఆవిడ వంక పైనుంచి కిందిదాకా చూశారు, షాపులో పనికిరాని ఈకని చూసినట్టు.

"వద్దమ్మా. నీకు ఏరడం రాదు" అన్నారు.

ఆవిడ అది జోక్ అనుకుని నవ్వింది.

నేను సంఘం కమిటీవాళ్లకి చెప్తే, "పెద్దాయన చాదస్తం అండీ, లైట్ తీసుకోండి" అన్నారు. ఆయన మీ మీటింగులకి రావడం మానేశారు. ఎందుకు రావట్లేదని ఒక్కరూ ఫోన్ చేయలేదు. ఇప్పుడు మాత్రం తండ్రిలాంటివారట.

ఆ తర్వాత ఏం జరిగిందో మీలో ఎవరికీ తెలియదు.

వేటకెళ్లే పక్కింటాయన డాక్టరు గారికి ఒక జింకతోలు ముక్క ఇచ్చాడు. జింక వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది, అందుకే తేలుతుంది. దాన్ని ఈకలా చుట్టక్కర్లేదు. చిటికెడు తీసుకుని దారంతో బిగిస్తే విసనకర్రలా విచ్చుకుంటుంది. కానీ తోలుమీద ఏ చోటిది తీసుకోవాలి? ఆ శీతాకాలమంతా ఆయన అదే వెతికారు. ఒక చోటిది "చీపురు" అన్నారు. ఇంకో చోటిది "పరుపులో కూరుకో" అన్నారు. చివరికి వెన్నుమీద సన్నటి మొనలున్న వెంట్రుక దొరికింది. నేను వెంట్రుకని హుక్ దగ్గర పట్టుకుంటే ఆయన దారం బిగించేవారు. చాలావరకు ఊడిపోయాయి. విసుక్కుంటూనే మళ్లీ కట్టారు.

వసంతంలో యాకిమా నదికి తీసుకెళ్లాను. మోకాళ్లలోతు నీళ్లలో ఆయన నిలబడితే, నేను వెనక బెల్ట్ పట్టుకున్నాను. ఆ ఫ్లై ఏమంత అందంగా లేదు. ఒక పక్కకి వాలి తేలుతూ పోయింది.

ఒక ట్రౌట్ పైకొచ్చి దాన్ని లాగేసుకుంది.

ఆయన దాన్ని మెల్లగా దగ్గరికి తెచ్చి, నీళ్లలోనే హుక్ తీసి వదిలేశారు. అది వెళ్లినవైపే చాలాసేపు చూశారు.

"మన సంఘంవాళ్ల కంటే దీని టేస్ట్ నయం, సునీతా" అన్నారు.

ఆయన కట్టిన ఫ్లైలలో అదే ఆఖరిది. ఆ తర్వాత చేతులు సహకరించలేదు.

రేపు ఫ్యూనరల్ హోమ్‌కి రావాలనుకుంటే రండి. మైక్ జోలికి మాత్రం వెళ్లకండి. సుభద్ర గారే ఈ మాట చెప్పమన్నారు.

వెళ్లిరండి డాక్టరు గారూ. ఎక్కడున్నా మనశ్శాంతిగా ఉండండి. ఇక్కడివాళ్ల సంగతి నేను చూసుకుంటాను.