ముందు నిదానం

ఆ రోజుల్లో మనిషి చిక్కిపోతే కారణం ఒక్కటే: వేడి చేసింది. నిద్ర పట్టకపోయినా వేడే, పరీక్ష తప్పినా వేడే. కర్నూలు కొత్తగా రాజధాని అయి, ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న కాలమది. ఆలూరు దగ్గరి మా పల్లె నుంచి వచ్చి, ఒక గుడారంలో తాత్కాలిక టైపిస్టుగా కుదిరాను. మకాం పెద్దమ్మ ఇంట్లో. పూటకు నాలుగు సంగటి ముద్దలు తినేవాణ్ణి, అయినా చొక్కా రోజురోజుకూ వదులయ్యేది. చలికాలంలో చెమటలు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది, నడిస్తే గుండె దడ. వేళ్లు వాటంతటవే వణికేవి. నెల తిరిగేలోగా టైపు పరీక్ష. నెగ్గితే ఉద్యోగం ఖాయం, తప్పితే మళ్లీ వాన కోసం ఎదురుచూసే మా మెట్ట చేలకే పోవాలి. ఆ తలపుకే నాకు ముద్ద దిగేది కాదని రాద్దామనుకున్నాను గానీ, అబద్ధం. నాలుగూ దిగేవి.

"ఏమప్పా, తింటాండేదంతా యాడికి పోతాండాది?" అంటూ పెద్దమ్మ మజ్జిగ, సబ్జా నీళ్లు, బార్లీ గంజి ఒకదాని వెంట ఒకటి పోసింది. (ఆఫీసులో నేను టైపు చేసిన సేపుకన్నా గుడారం వెనక్కి పోయి వచ్చిన సేపే ఎక్కువ.) దేనికీ లొంగకపోయేసరికి ప్రకృతి వైద్యుడి దగ్గరికి లాక్కుపోయింది. పొట్ట మీద తడిమట్టి పట్టీలు వేస్తాడని ఊళ్లో ఆయనను మట్టిస్వామి అనేవాళ్లు. ఆయన నాడి చూశాడు, కళ్లు చూశాడు, గొంతు తడిమాడు. మట్టి జోలికే పోలేదు. కడప బస్సుకు వేళవుతోందని చీటీ మీద రెండు ముక్కలు గీకిచ్చి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పెద్దమ్మకు చదువు రాదు. చదువుకున్నవాణ్ణి కదా, నేనే గట్టిగా చదివాను: "ముందు నిదానం. తర్వాతే పథ్యం."

"శానా బాగా కనిపెట్టినాడు. నీ రోగమే తొందర," అంది పెద్దమ్మ.

ఆ క్షణం నుంచి నా బతుకంతా నిదానం. ముద్ద ముద్దనూ నలభైసార్లు నమలాలి, లెక్క ఆమెది. పొద్దున్నే చెంబు నిండా నీళ్లు పట్టుకుని, చుక్క తొణక్కుండా పెరట్లో పది చుట్లు తిరగాలి. వణికే చేతులతో చెంబు నాలుగో చుట్టుకే సగమయ్యేది. (నా జబ్బు తగ్గలేదు గానీ పెరట్లో మల్లెచెట్టు ఏపుగా పెరిగింది.) పరీక్ష రోజున కూడా ఆమె మాట తప్పకుండా ఒక్కో అక్షరం నిదానంగా కొట్టాను. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకున్నాయి. మా సూపరింటెండెంటు కాగితం వెలుతురుకు పట్టి, "ఏమప్పా, సర్ అనేదానికి మూడు ఆర్లా? నేనేమన్నా చెవిటోణ్ణా?" అన్నాడు. నా మొహం చూసి జాలిపడి, ఉగాది తర్వాత ఇంకొక్కసారి చూస్తానన్నాడు. ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మరునాడు కడప నుంచి తిరిగొచ్చిన మట్టిస్వామి సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "నిదానమంటే మెల్లగుండమని కాదమ్మా! రోగమేందో తేల్చుకోమని. పెద్దాసుపత్రికి పోతారనుకొంటి గదా!"

పెద్దాసుపత్రి డాక్టరు, గొంతులోని థైరాయిడ్ గ్రంథి మోతాదుకు మించి పనిచేస్తోందన్నాడు. (మా ఆఫీసులో ఎవరిమీదా అలాంటి ఫిర్యాదు లేదు.) "సంగటి తిను, మజ్జిగ తాగు, కాఫీ మాను. తిండి బలానికి, రోగానికి మాత్రలే," అని మందు రాశాడు. "నా చేతులారా నిన్ను సతాయిస్తి గదరా," అని పెద్దమ్మ ఇంటి గుమ్మంలో కళ్లు ఒత్తుకుంది. చీటీ చదివింది నేనేనని చెప్పినా వినలేదు. అప్పట్నుంచి ఎవరైనా "వేడి చేసిందేమో" అంటే చాలు, వాళ్లతో జగడానికి దిగేది.

ఉగాది నాటికి వేళ్ల వణుకు నిలిచింది, చొక్కా బిగిసింది. రెండోసారి పరీక్ష నెగ్గాను. ఆ మాట చెప్పాలని గుడారం నుంచి ఇంటిదాకా ఒకటే పరుగు. రొప్పుతూ, చెమటలు కారుతూ గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి పెద్దమ్మ చేటలోని బియ్యం కింద పోసేసింది. నా చెయ్యి లాక్కుని నాడి పట్టుకుని, "మళ్లీ వచ్చెనా నాయనా?" అంది. "ఉద్యోగం వచ్చింది పెద్దమ్మా," అన్నాను. అయినా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే గుండె దడ. వయసులే అంటారు ఇంట్లోవాళ్లు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.