పూజలో పెట్టిన సర్వర్

దయ్యాల మాట వస్తే నవ్వి లేచి వెళ్లిపోయే మనిషిని నేను. తిరుపతిలో పదిహేనేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఆగిపోయిన ప్రతి మెషిన్‌కీ ఏదో ఒక కారణం దొరికింది. ఆపేశాక కూడా పనిచేసిన మెషిన్‌ను మాత్రం ఒక్కదాన్నే చూశాను.

మా నాయన కార్వేటినగరం చుట్టుపక్కల పెళ్లిళ్లకు నాదస్వరం వాయించేవాడు. ఆయన పోయాక, ఆయన పాటల రికార్డింగులన్నీ కలిపి ఇంటర్నెట్ రేడియో పెట్టాను. వినేవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్‌లో ఉండే మనవాళ్లే. అందుకే ఆ పాటలు పంపే సర్వర్‌ను మస్కట్‌లో మా అక్క ఇంట్లో, టీవీ కింద పెట్టించాను.

నాతో ఉండే అమ్మకు పొద్దున ఆ రేడియో మోగితేనే కాఫీ కలపబుద్ధవుతుంది. మోగకపోతే రోజంతా దిగులే.

అక్క ఇంట్లో ఏసీ ఆగితే చాలు, సర్వర్ వేడెక్కి పడుకుంటుంది. అందుకని బావ కొలొకేషన్ అన్నాడు. అంటే మన మెషిన్‌నే తీసుకెళ్లి అక్కడి డేటా సెంటర్‌లో అద్దె జాగాలో పెట్టడం. చల్లటి గది, జనరేటర్, కాపలా అన్నీ వాళ్లే చూసుకుంటారు. నాకూ అదే నచ్చింది. అమ్మ రేడియో ఆగకూడదు, అంతే.

అక్క మాత్రం అడ్డం తిరిగింది. “ఆడ ఆయుధపూజకు బొట్టు పెట్టనిస్తారా?”

నిబంధనలు చదివి, పెట్టనివ్వరని చెప్పాను. మూతి ముడుచుకుంది. అయినా దరఖాస్తు నింపేశాను, పండగ అయ్యాక పంపుదామని.

పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా ముట్టకూడదని మా ఇంటి ఆచారం. నాయన ఒక్కడే దాన్ని పాటించలేకపోయేవాడు. మధ్యాహ్నం పాయసం తాగడం, గుట్టుగా నాదస్వరం తీసుకుని పెరట్లోకి జారుకోవడం. అమ్మ కేకలు వీధంతా వినిపించేవి.

ఆయుధపూజనాడు పొద్దున రేడియో మోగలేదు. మళ్లీ వేడెక్కిందనుకుని అక్కకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అమ్మ కాఫీ కలపకుండానే మిక్సీకీ నా స్క్రూడ్రైవర్లకూ బొట్లు పెట్టింది.

మధ్యాహ్నం పాయసం గ్లాసులు కింద పెట్టామో లేదో, స్పీకర్‌లో నాదస్వరం మొదలైంది. అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకూ ప్రాణం లేచివచ్చింది.

అప్పుడే అక్క వీడియో కాల్ చేసింది. “పూజ సూడు రా, ఎంత బాగుండాదో!” టీవీ కింద సర్వర్, దాని మీద కుంకుమ, చామంతులు, నిమ్మకాయ. పక్కన నేలమీద పీకేసిన ప్లగ్, దానికీ ఒక బొట్టు.

“పొద్దున్నే ఆపేసినా. పండగపూట పని చేయించకూడదు గదా,” అంది.

నా వెనక నాదస్వరం మోగుతూనే ఉంది. అక్కకూ వినిపించింది. ఇద్దరం నోరెళ్లబెట్టాం.

ఆ సర్వర్‌కు నకలు ఎక్కడా లేదు. అసలు రికార్డింగులున్న నా హార్డ్ డిస్క్ బీరువాలోనే ఉంది. ఫోన్‌లో పాటలు దాచుకోలేదు. గల్ఫ్ నుంచి ముగ్గురు “పండగపూట భలే వినిపించావన్నా” అని మెసేజ్ పెట్టారు. మర్నాడు అక్క ప్లగ్ పెట్టాక సర్వర్ లాగ్, అంటే అది చేసిన పనుల చిట్టా, తీశాను. ఆ పూట ఒక్క లైను కూడా లేదు.

అమ్మ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆ మధ్యాహ్నమే, ప్లగ్ పీకేసిన సంగతి చెప్పగానే, మోగుతున్న స్పీకర్ వైపు తిరిగింది.

“పూజలో పెట్టింది ముట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినవు గదయ్యా!” అని కేకలేసి, కొంగుతో కళ్లు తుడుచుకుని పకపకా నవ్వింది. అంత గట్టిగా ఆమె నవ్వగా విని ఎన్నాళ్లయిందో. నాకూ ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అది ఎలా మోగిందో ఇప్పటికీ నాకు తెలియదు. దరఖాస్తు చించేసి, అక్క ఇంటికి ఇన్వర్టరూ చిన్న ఫ్యానూ కొనిచ్చాను. ఈ ఏడాది కూడా ఆయుధపూజనాడు అక్క ప్లగ్ పీకుతుందట. పాయసం కాస్త ఎక్కువే చేస్తానంటోంది అమ్మ.