పౌడరు డబ్బాతో గురజాలకి

తిరుగుతున్న ఇంజను పక్కనున్న గొట్టం మూతి నుంచి మస్తాన్ గారు జిడ్డుతో నల్లబడిన గుడ్డని లాగేశారు. లోపల బిగబట్టిన గాలి బుస్సుమంది. ఆయన గుడ్డ వంక చూసి, కారు యజమాని రత్తమ్మ గారి వంక చూశారు.

"ఇదెవరు కట్టారమ్మా?"

ఆ ఉదయం ఏడుంపావుకి ఆయనా నేనూ నరసరావుపేటలో పిడుగురాళ్ల బస్సెక్కాం. మస్తాన్ గారు డెబ్బై దాటిన మెకానిక్కు. ముప్ఫై ఏళ్లుగా నా స్కూటరుకి ఆయనే దిక్కు. గురజాలలో రత్తమ్మ గారి అరవై ఏళ్ల నాటి కారు ఇంజనుని పోయిన నెల పూర్తిగా విప్పి బిగించారు. వారానికే ఆయిల్ కారడం మొదలైంది. ఆయిల్ని లోపలే ఆపే వెనక సీలు పోయిందంటే ఇంజను మళ్ళీ దించాలి. ఆయన నడుం ఇక అంత పనికి ఒప్పుకోదు. ఆ ఇంజను ముట్టుకునే వాళ్ళు వేరే లేరు. లీకు ఆగకపోతే ఆదివారం వచ్చే హైదరాబాదు బేరగాడికి కారు అమ్మేస్తానని ఆమె ఫోన్లో చెప్పేశారు.

ఆయన ఒళ్ళో పౌడరు డబ్బా చూసి పక్క సీటావిడ నవ్వింది. "ఏంది పెద్దాయనా, ఈ వయసులో చానా సోకే!"

"నాక్కాదు తల్లీ, ఇంజనుకి."

పిడుగురాళ్లలో ఇడ్లీ తిని మాచర్ల బస్సు పట్టుకున్నాం. రోడ్డు పొడుగునా సున్నం లారీలే. గురజాలలో దిగేసరికి పదయింది.

మస్తాన్ గారు ఇంజనుని కిరసనాయిలుతో కడిగి, తుడిచి, లీకు ఎక్కడో కనబడేలా పౌడరు చల్లి స్టార్ట్ చేయించారు. తెల్లటి పూత సీలున్న వెనకవైపే తడిసింది. ఆయన ముఖం వాడిపోయింది. అయినా ఆయిల్ పోసే మూత తిప్పి చూశారు. లోపలి గాలి దాన్ని ఎగరగొట్టింది. అప్పుడే ఆ గొట్టాన్ని వెతికి, గుడ్డ లాగేశారు.

"నేనే కట్టా అన్నా," అన్నారు రత్తమ్మ గారు. "మీరు బాగుచేసిన ఇంజనులోకి ఈ లారీల దుమ్ము పోకూడదని. మెత్తటి పాత చీర గుడ్డే."

"ఆ గొట్టం ఇంజనుకి ముక్కు అమ్మాయ్! నీ ముక్కులో గుడ్డ కుక్కితే ఊరుకుంటావా? గాలికి దారి లేక ఆయిల్ని బయటికి తోసింది."

"నేను డ్రైవింగ్ నేర్చుకుంది దీని మీదే. జాగ్రత్త చేద్దామనుకున్నా."

"చానా చేశావులే!"

ఆమె వడ్డించిన గోంగూర అన్నం తిని, ఆమే నడుపుతుంటే ఊరి చివరిదాకా వెళ్ళొచ్చాం. కింద ఒక్క చుక్క లేదు. మూడింటి బస్సులో మస్తాన్ గారు కిటికీ పక్కన కూర్చుని కూనిరాగం తీశారు. ఒక ఇంజనుని ఇద్దరు ఇంత ముద్దుగా చూసుకోవడం నేనెక్కడా చూడలేదు.

పిడుగురాళ్ల దగ్గర ఫోన్ మోగింది. "అన్నా, కారు కింద అట్టముక్క వేశా. రూపాయి బిళ్లంత మచ్చ పడింది."

"ఇంతకుముందు కారి సందుల్లో మిగిలిన ఆయిల్ అయ్యుంటది. శనివారం దాకా చూడు."

సీలు బాగుందో లేదో ఆయనకీ తెలియదు. బేరగాడిని రావద్దని ఆమె ఇంకా చెప్పలేదు.