అరువు ఆటగాడి మర్యాద

మా వాలీబాల్ జట్టులో తప్పు చేసినవాడికి తిట్లు గ్యారంటీ. బంతి నెట్టుకి కొడితే తిట్టు. సర్వీసు బయటికి పోతే తిట్టు. పక్కవాడు వదిలేసినా "నువ్వెక్కడ సచ్చావ్?" అని మనకింకో తిట్టు. మినహాయింపు ఒక్కరికే. మాలో ఎవరైనా డ్యూటీ షిఫ్టు మారి రాలేకపోతే పక్క కాలనీ నుంచి మనిషిని అరువు తెచ్చుకుంటాం, అతనికి. అతను ఎన్ని బంతులు పడేసినా "పర్లేదండి, పర్లేదండి" అంటాం. మళ్లీ పిలిస్తే రావాలి కదా!

నేను లిఫ్టర్‌ని. రెండో బంతిని నెట్టు పక్కన పైకి లేపి ఇవ్వడం నా పని, ఎగిరి దాన్ని అవతలి కోర్టులోకి కొట్టడం షూటర్ పని. మా షూటర్ యారాడ మనిషి. ఇంట్లో అందరిదీ చేపల వేటే, ఇతనొక్కడు పోర్టులో పనికి కుదిరాడు. ఆరు నెలల కిందట బంతి కొట్టి దిగుతూ నా పాదం మీద దిగాడు. చీలమండ విరిగింది. బంతి లేపాక నేను పక్కకు జరగాల్సింది, జరగలేదు. ఎవరూ నన్నేమీ అనలేదు గానీ ఆ టక్కుమన్న చప్పుడు చాలా రోజులు నా చెవిలోనే ఉంది.

కట్టు విప్పి తిరిగొచ్చాడు, కానీ ఎగరడం మానేశాడు. నేల మీద నుంచే బంతిని అలా నెట్టేవాడు. పాయింటు పోయేది. అందరం "పర్లేదు బావ" అనేవాళ్లం. నేనైతే అతని వైపు బంతి పంపడమే తగ్గించేశాను. అది దయ అనుకున్నాను, బుద్ధిలేక.

గాజువాకలో టోర్నమెంటు ఫైనల్ రోజు ఇద్దరం షేర్ ఆటోలో వెళ్తుంటే చెప్పాడు: "ఇయ్యాల ఆడేసి మానేత్తాను బావ. నా వల్ల కాటం లేదు." ఆటో ఆగగానే "సర్లే, ముందు దిగు" అన్నాను.

మొదటి సెట్టు మాది, రెండోది వాళ్లది. మూడోది పదిహేను పాయింట్లది, దాంతో తేలిపోవాలి. విరామంలో మా కెప్టెన్ అందరినీ వరసగా ఉతికేస్తున్నాడు. పాతనగరంలో స్టీలు సామాన్ల కొట్టు ఆయనది, మా అందరికీ భాయ్. నన్ను తిట్టాడు, నా పక్కవాణ్ణి తిట్టాడు, షూటర్ దగ్గరికొచ్చేసరికి భుజం తట్టి "పర్లేదు" అన్నాడు.

అంతే. నీళ్ల సీసా నేలకేసి కొట్టాడు మావాడు.

"పర్లేదేటి భాయ్? నాను అరువుకొచ్చినోడినేటి? అందర్నీ తిడతావ్, నాను తిట్టడానికి కూడా పనికిరానేటి?"

నా మొహం మాడిపోయింది. అతను తిరిగొచ్చినప్పటి నుంచీ మేము చేసింది అదే! భాయ్ ఒక్క క్షణం అతన్నే చూసి, గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"అయితే విను మియా! ఆ ఎగరడమేటి? గాజువాక బస్సెక్కుతన్నావా? మా అమ్మీజాన్ మోకాళ్ల నొప్పితో నీకంటే ఎత్తు ఎగురుద్ది!"

మావాడు నావైపు తిరిగాడు. "నువ్వేటి బావ, నోరు లేదా?"

నాకసలే ముక్కు మీద కోపం. "నువ్వు తిరిగొచ్చిన కాణ్ణించీ నీ కాలే సూత్తన్నాను, బంతి సూడ్డం లేదు! ఇంక అన్నీ నీకే ఇత్తాను. కొట్టకపోయావో, యారాడ దాకా నడిసే ఎల్తావ్!"

నవ్వాడు. ఆరు నెలల తర్వాత చూశాను ఆ నవ్వు.

అన్నీ అతనికే ఇచ్చాను. మొదటిది నెట్టుకి కొట్టాడు, తిట్టాను. రెండోది బయటికి కొట్టాడు, ఇంకా గట్టిగా తిట్టాను. మూడోదానికి సగం ఎగిరాడు, బంతి అవతల మూలన పడింది. నేను గంతులేశాను!

పద్నాలుగు, పదమూడు. మాకు ఒక్క పాయింటు చాలు. అవతలివాళ్లకూ తెలుసు బంతి ఎవరికి వెళ్తుందో. ముగ్గురు కలిసి అతని ఎదురుగా గోడ కట్టారు. లేపాను, కొట్టాడు, వాళ్ల చేతులకు తగిలి బంతి మావైపే తిరిగొచ్చింది. దాన్ని అందుకోవాలంటే అతని కాళ్ల దగ్గరికే దూరాలి. ఏ చోట నిలబడి అతని కాలు విరిచానో, అక్కడికే. వంగి బంతిని పైకి తీశాను. భాయ్ లేపాడు. మావాడు మళ్లీ కొట్టాడు, మళ్లీ గోడకే.

ఈసారి ఆలోచించే వ్యవధి లేదు. బోర్లా పడి అరచెయ్యి బంతి కిందికి తోశాను. లేచింది! "కొట్టు బావా, కింద నానున్నాను!" అని మట్టిలోంచే అరిచాను. భాయ్ లేపిన బంతి నాకు కనబడలేదు. నా తలకు మూరెడు దూరంలో అతని రెండు పాదాలు మాత్రం కనబడ్డాయి. అవి నేల విడిచాయి. ఎంతకీ దిగలేదు.

పైన ఫట్‌మని చప్పుడు. విజిలు. జనం కేకలు. పాదాలు నాకు అవతలగా, శుభ్రంగా, రెండూ ఒక్కసారే దిగాయి. బంతి ఎక్కడ పడిందో అడుగుదామని తలెత్తేలోగా ఆ ఆరడుగుల మనిషి వచ్చి నా వీపు మీద పడ్డాడు, వాడి మీద మిగతా జట్టంతా. నోట్లో మట్టి, ఊపిరాడలేదు. అయినా లెమ్మనలేదు నేను.