సరోజక్క కొనిపించిన ఈత డ్రెస్సు

ఈ రోజు నల్లా నీళ్లలో బ్లీచింగ్ పౌడరు కాస్త ఎక్కువ కలిపినట్టున్నారు. బిందె నింపుతుంటే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. వీధిలో ఆడవాళ్లందరూ మొహాలు చిట్లించి తిట్టుకుంటుంటే నేనొక్కదాన్నే బిందె మీదికి వంగి, అత్తరు సీసా మూత తీసినంత ఇష్టంగా పీలుస్తూ నిలబడ్డాను. ఎదురింటావిడ నన్ను అదోలా చూసింది. ఈతకొలను నీళ్లదీ ఇదే వాసనని ఆమెకేం తెలుసు? ఆ వాసనలోంచి నాకు సరోజక్క నడిచొస్తుంది. మెడలో విజిలు, తలకు నీలం టోపీ, ఒంటి మీద ఎర్రటి ఈత డ్రెస్సు, కాళ్లకు హవాయి చెప్పులు. ఆమె పోయాక ఇది రెండో వానాకాలం. ఆ చెప్పుల చప్పుడు మాత్రం ఇంకా నా వెనకే వస్తున్నట్టుంటుంది.

నేను గద్వాలలో బట్టల కొట్టువాళ్ల ఇంట్లో పుట్టాను. మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు బేరం వచ్చేది. మగ్గం మీంచి దిగిన చీర కొట్టుకు రాగానే మా నాన్న నూలు ఒంటికీ పట్టు అంచుకూ మధ్యనున్న అతుకును రెండు బొటనవేళ్లతో లాగి చూసేవాడు. నాకూ ఆ వేళ్లే వచ్చాయి. పెళ్లయి వనపర్తికి వచ్చాక అత్తవారి చీరల కొట్టులో తెల్లపరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మడత విప్పి చీర పరుపు మీదికి విసరడం, కొనేవాళ్ల కళ్లు ఎక్కడ ఆగాయో చూసి ధర చెప్పడం, ఇవి తప్ప నాకు వేరే విద్య రాదు. వచ్చిన ఆ ఒక్కదాంట్లో నన్ను మించినవాళ్లు లేరని మాత్రం గట్టి నమ్మకం. సరోజక్క మా కొట్టు మెట్లెక్కేదాకా ఆ నమ్మకానికి ఢోకా లేదు.

ఆమె ఆడపిల్లల బడిలో ఆటల టీచరు. రిటైరయ్యే రోజు కట్టుకోవడానికి చీర కావాలని వచ్చింది. చుడీదారు మీదనే చీర చుట్టుకుని, నేను చూపించిన అద్దం వైపు చూడనైనా చూడకుండా రెండు చేతులూ పైకెత్తింది. వంగి కాలివేళ్లు ముట్టుకుంది. గొంతుకూర్చుని లేచింది. కొట్టులో ఉన్నవాళ్లంతా నోళ్లు తెరిచారు.

“ఏంది టీచరమ్మా, చీర కొంటున్నరా, డ్రిల్లు చేస్తున్నరా?” అన్నాను.

“అద్దం ముంగట నిలబడితే అన్ని చీరలూ మంచిగనే ఉంటయి. రోజంత అద్దం ముంగటనే ఉంటనా? చేతులెత్తాలె, వంగాలె, కూసొని లేవాలె. గప్పుడు ఒంటి మీద బట్టున్నదని యాదికి రాకుంటే, గదీ బట్ట.”

నేను ధర చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. చీర అంచు నిమురుతూ కూర్చుంది. నేనే కాస్త తగ్గించాను. మళ్లీ ఏమీ అనలేదు. ఇంకాస్త తగ్గించాను. నా కొట్టులో, నా పరుపు మీద, నాతో నేనే బేరమాడి ఓడిపోయింది అప్పుడే. రిటైరయ్యాక ఆమె మా వీధిలోనే ఇల్లు తీసుకుంది. టీచరమ్మ కాస్తా సరోజక్క అయింది.

యాభై దాటాక నా మోకాళ్లు నాకంటే ముందే రిటైరయ్యాయి. పరుపు మీంచి లేవాలంటే ఒక చేయి గోడకు, ఒక చేయి కోడలికి ఇవ్వాల్సి వచ్చేది. నాగర్‌కర్నూల్‌లో ఎముకల డాక్టరు, “నేల మీద కూర్చోవడం ఆపేయండి. నీళ్లలో నడవండి, ఈదండి. కండ బలపడితే అప్పుడు చూద్దాం” అన్నాడు. మా ఆయన ఆ మాటల్లో మొదటి సగమే విన్నాడు. ఇంటికి రాగానే గల్లాపెట్టె పక్కన గిరగిరా తిరిగే కుర్చీ ఒకటి తెచ్చి వేశాడు. “నువ్విగ ఈడ కూసొని పైసలు తీసుకో. చీరలు కోడలు చూపిస్తది” అన్నాడు ప్రేమగానే. నాకు మాత్రం నా పరుపును చుట్టి అటక మీద పెట్టేసినట్టయింది. ఆ కుర్చీలోంచి చూస్తే చీర రంగు కనిపిస్తుంది కానీ కొనే మనిషి కళ్లు కనిపించవు. వెళ్లి సరోజక్క ముందు కూర్చుని ఏడ్చాను.

“ఏడ్వనీకి వచ్చినవా, ఈదనీకి వచ్చినవా?” అంది అక్క. ఆమె పుట్టింది అలంపూర్‌లో. తుంగభద్రలో చిన్నప్పుడే ఈత నేర్చిన మనిషి. ఊరి చివర కొత్తగా కట్టిన ఈతకొలనులో పొద్దున పూట ఆడవాళ్లకు నేర్పుతోంది. అక్కడ చీరతో, నైటీతో నీళ్లలోకి దిగనివ్వరు. ఈత డ్రెస్సు ఉండాల్సిందే.

“గవి ఏసుకొని నలుగుర్ల నేను రాలేనక్కా. నా దగ్గర చీరలు కొనే గిరాకీలంత ఆడనే ఉంటరు.”

“గిరాకీలకు మోకాళ్లు లేవా?”

మర్నాడు ఆమెకు చెప్పకుండానే ఆటసామాన్ల కొట్టుకు వెళ్లాను. బట్టలు కొనడానికి ఇంకొకర్ని వెంట తీసుకెళ్తే మా పుట్టింటి పరువేం కావాలి? ఆ కొట్టాయన పాపం సిగ్గరి. నేను ఆడవాళ్ల ఈత డ్రెస్సు అడగగానే ఆయన చూపు నేలకు అతుక్కుపోయింది. బేరం చేయడానికి అంతకంటే మంచి గడియ దొరకదు. నేనడిగిన ధరకల్లా తలూపాడు. చివరికి చూస్తే నాకు సరిపోయే సైజూ, దానికంటే రెండు సైజులు పెద్దదీ ఒకే ధర. ఒకే ధరకు ఎక్కువ బట్ట వస్తుంటే తక్కువ బట్ట తీసుకునే మనిషి మా వంశంలో పుట్టలేదు. నల్లటి పెద్ద డ్రెస్సు సంచిలో వేసుకుని గెలిచినట్టు నడిచొచ్చాను.

ఆ గెలుపు నీళ్లలో దిగేదాకే. మొదటి మెట్టు మీద బాగానే ఉంది. నడుములోతుకు రాగానే లోపలున్న గాలంతా పొట్ట దగ్గర చేరి గుమ్మడికాయలా ఉబ్బింది. కింది కుచ్చెళ్లు గొడుగులా తేలాయి. ఒక భుజం సర్దుకుంటే ఇంకో భుజం జారింది. పైకి వస్తుంటే కొలను సగం నాతోపాటే వచ్చింది. బ్యాంకులో పనిచేసే సుజాత, ప్రతి పండక్కీ నా దగ్గరే చీర కొంటుంది, గట్టు మీంచి కేకేసింది: “పద్మక్కా, గంత బట్ట తీస్కున్నవ్, ఫాలు గూడ కుట్టియ్యకపోయినవ్!”

అందరూ నవ్వారు. సరోజక్క మాత్రం మొహం బిగబట్టుకుని నన్ను గదిలోకి తీసుకెళ్లి, తలుపు గడియ పెట్టి, బల్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. “పిల్లా, నీకు బట్ట అమ్మనీకి వస్తది గని కొననీకి రాదు” అంది. ఇక రానని, కుర్చీలోనే కూర్చుంటానని చెప్పాను. ఆమె విన్నట్టు కనిపించలేదు. ఆ సాయంత్రమే నా చేయి పట్టుకుని అదే కొట్టుకు లాక్కెళ్లింది. వాడిన డ్రెస్సు మార్చమని అడగబోయి నోరు మూసుకున్నాను. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని అక్కడ బోర్డుంది. అచ్చం అదే బోర్డు మా కొట్టులో నేను రాయించి పెట్టాను.

“ఇది చీర కాదు. నీళ్లల్ల సాగుతది. పొడిగున్నప్పుడు జర బిగుతు ఉండాలె” అంటూ అక్క ఒక్కొక్కటే తీసి చూపించింది. భుజం పట్టీ వెడల్పుగా ఉంటే కోసుకోదు. రొమ్ముకు లోపలే ఆనిక కుట్టి ఉండాలి. తొడ దగ్గర పట్టేయకుండా కాళ్లు మోకాలి పైదాకా రావాలి. చేతులు వెనక్కి అందని వయసు కాబట్టి జిప్పు ముందుండాలి. వింటూ వింటూ నా బొటనవేళ్లు వాటంతటవే కుట్ల మీదికి పోయాయి. లాగి చూస్తే ఒకదాని దారం పుటుక్కుమంది. అది పక్కన పెట్టాను. రెండోది నిలిచింది. కానీ చేయి మళ్లీ నల్లదాని మీదికే వెళ్లింది.

“నల్లదైతే అంతగ కనపడనక్కా.”

“నీ గిరాకీకి గూడ గట్లనే చెప్తవా?”

చేయి వెనక్కి తీసుకున్నాను. నేనెప్పుడూ అలా చెప్పలేదు. నాలాంటి ఒళ్లున్న మనిషి కొట్టుకు వస్తే ఆమెకు నల్లది కట్టబెట్టి పంపను. ఒంటికి వెలుగొచ్చే రంగు, నిలువున పొడుగ్గా కనిపించే అంచు ఏరి ఇస్తాను. ఇన్నేళ్లలో మొదటిసారి నన్ను నేను పరుపుకు అవతలి వైపు కూర్చోబెట్టి చూసుకున్నాను. అప్పుడు దొరికింది. నెమలికంఠం రంగు డ్రెస్సు, చంక నుంచి మోకాలిదాకా రెండు పక్కలా వంగపండు రంగు పట్టీలు. అచ్చం మా గద్వాల అంచే. తెర చాటున వేసుకుని చేతులెత్తాను, వంగాను, మోకాళ్లు ఒప్పుకున్నంత మేర కూర్చుని లేచాను. తెర ఊగిపోతుంటే కొట్టాయన బయట నుంచి, “అమ్మా, అంత మంచిదేనా?” అని అడిగాడు. అంతా మంచిదే. ఒంటి మీద బట్టున్నదని నాకు యాదికి రాలేదు.

ధర దగ్గర నేను నోరు తెరవలేదు. కుట్టు నిమురుతూ కూర్చున్నాను. ఆయనే తగ్గించాడు. ఇంకా నిమిరాను. మళ్లీ తగ్గించి, పైన ఒక టోపీ కూడా ఇచ్చాడు. సరోజక్క పైకప్పు వైపు చూస్తూ నవ్వాపుకుంది.

మర్నాడు పొద్దున గదిలోంచి తువ్వాలు చుట్టుకుని వచ్చాను. గట్టు మీద సుజాతతో సహా సగం వనపర్తి కూర్చున్నట్టనిపించింది. తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నాను.

“తువ్వాల ఇటియ్యి” అంది అక్క.

“జర ఆగక్కా, అందరు చూస్తున్నరు.”

“మడత విప్పకుండ ఏ చీరనన్న అమ్మినవా?”

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. పరుపు మీద చీర విసిరినట్టు తువ్వాలును ఒక్క ఊపున విప్పి ఆమె చేతిలో పడేశాను. వెన్ను నిటారుగా పెట్టి, ఎక్కడా తొందరపడకుండా, గిరాకీల మధ్య నుంచి నడిచి నీళ్లలోకి దిగాను. ఏదీ ఉబ్బలేదు, జారలేదు. నీళ్లు నా బరువును తమ మీద వేసుకున్నాయి. మోకాళ్లు నావి కానంత తేలికయ్యాయి. వెనక నుంచి సుజాత గొంతు: “పద్మక్కా, గిది యాడ దొరికిందే? నాకు గూడ కావాలె.” మెడలోతు నీళ్లలో ఉండి కూడా నాలోని కొట్టు మనిషి లేచి కూర్చుంది.

చలికాలం పోయేసరికి నేను మళ్లీ పరుపు మీద ఉన్నాను. మొదటి రోజు సరోజక్క వచ్చి ఏమీ కొనలేదు. ఎదురుగా నిలబడి విజిలు ఊది, “కూసో. లే. కూసో” అంటూ డ్రిల్లు చేయించింది. మా ఆయన తెచ్చిన తిరిగే కుర్చీ ఇప్పుడు గిరాకీల సంచులు పెట్టుకోవడానికి పనికొస్తోంది.

చీరల బీరువా పక్కన ఇప్పుడు ఈత డ్రెస్సులూ వేలాడతాయి. నీళ్లలో తడపనిదైతే సైజు మార్చి ఇస్తాం. బోర్డు కింద ఆ మాట నేనే రాయించాను. నిన్న ఆత్మకూరు నుంచి బస్సులో ఒకామె వచ్చింది. నా ఈడుదే. చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఎవరూ వినకుండా, “నల్లదొకటి ఇయ్యక్కా, జర వదులుది” అంది. నేను గోడ పట్టుకోకుండా, కోడల్ని పిలవకుండా పరుపు మీంచి లేచి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

“ఇస్త తల్లీ” అన్నాను. “ముందుగాల చేతులెత్తు.”